అడుగు కనబడని నీళ్లు

1994 నాటి సంగతి. బాపట్లలో నాది పంపులు, ఫిల్టర్లు బిగించే పని. తెనాలి, రేపల్లె వైపు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే తెనాలి రైసుమిల్లు సాంబయ్యగారు కబురు పెట్టగానే వెళ్లాను.

మిల్లు పక్కనే ఇల్లు. పెరట్లో ముచ్చటపడి కట్టించుకున్న పూల్. మోటారు కాలిపోయాక రెండేళ్లు దాని మొహం చూసినవాళ్లు లేరు. ఆల్గే, అంటే నాచు, పట్టి నీళ్లు గోంగూర ఉడికించినట్టున్నాయి.

"ముందు క్లోరిన్ పట్టించాలండి," అన్నాను.

"పట్టిస్తే చేపలు చచ్చిపోవూ?" అన్నారాయన.

నీళ్లు నిలవుంటే మా డెల్టావాళ్ల చెయ్యి ఊరుకోదు. ఊరికే దండగ ఎందుకని ఆయన అందులో బొచ్చె చేపపిల్లల్ని వదిలారు. అవి చేతికొచ్చేదాకా ఆగాలట, ఈలోగా ఫిల్టర్ మాత్రం బిగించాలట.

"మీరన్నా చెప్పండి బాబూ. మనవడు ఇక్కడే పరిగెడుతుంటాడు," అన్నారు ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు.

"ఆ మాత్రం చూసుకోలేమా ఏంటి?" అని ఆయన నవ్వేశారు.

భోజనాల వేళకి ఆ నాలుగేళ్ల మనవడు కనబడలేదు. ఇల్లు, వీధి వెతికారు. పూల్ గట్టున వాడి చెప్పు ఒకటి దొరికింది. అందరం ఆ పచ్చటి నీళ్లవైపు చూశాం. చూసి ఏం లాభం, జానెడు లోతు దాటితే ఏమీ కనబడదు.

సాంబయ్యగారు పంచెతోనే దూకారు. వెనకే నేనూ దిగాను. రొమ్ముల్లోతు నీళ్లలో కాళ్లతో అడుగు తడుముతూ నడిచాం. మెత్తగా ఏది తగిలినా నా ప్రాణం పోయినంత పనయ్యేది. ఒకచోట ఆయన ఆగి, మునిగి, ఏదో పైకి లాగారు. నానిన గోనెసంచి. దాన్ని పట్టుకుని ఆ పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

అంతలో మిల్లులోంచి ఒక హమాలీ పిల్లవాణ్ని భుజాన వేసుకొచ్చాడు. ధాన్యం బస్తాల సందున నిద్రపోయాడట. రాజ్యలక్ష్మిగారు వాణ్ని అందుకున్నారు.

"చేపలు ఇవాళే పట్టించేస్తాను. మీ పని మీరు కానివ్వండి," అన్నారాయన నాతో.

నీళ్లు పూర్తిగా తోడేయకూడదు. మా డెల్టా నేలలో ఊట పైపైనే ఉంటుంది, ఖాళీ పూల్‌ని అది కింద నుంచి తన్ని పగలగొడుతుంది. అందుకని కొత్త మోటారు, ఫిల్టర్ బిగించి షాక్ క్లోరినేషన్ చేశాను, అంటే ఒకేసారి గట్టి మోతాదు. నాచు చచ్చి నీళ్లు పాలిపోయాయి. పటిక వేసి మడ్డిని అడుక్కి దింపి, వాక్యూమ్ గొట్టంతో లాగేశాను. ఫిల్టర్‌లోని ఇసుక మూసుకుపోయినప్పుడల్లా బ్యాక్‌వాష్, అంటే నీళ్లు ఎదురు తోలి కడగడం. వారం దాటాక అడుగున నీళ్లు పోయే డ్రెయిన్ జాలీ కనబడింది.

"ఇంకో రెండ్రోజులు ఆగితే నీలంగా మెరుస్తాయండి," అన్నాను.

"మెరుపుతో నాకేం పనండి? అడుగు కనబడుతోంది, చాలు," అన్నారు సాంబయ్యగారు.

అప్పటిదాకా నేను చేసేది అందానికి సంబంధించిన పని అనుకునేవాణ్ని. ఆ తర్వాత ఏ ఊళ్లో పూల్ దగ్గరకెళ్లినా ముందు డ్రెయిన్ జాలీ కోసమే చూస్తాను.

సాంబయ్యగారు మళ్లీ ఆ నీళ్లలో దిగలేదని తర్వాతొకసారి కలిసినప్పుడు రాజ్యలక్ష్మిగారు చెప్పారు. రోజూ మిల్లుకి వెళ్లేముందు మాత్రం గట్టున నిలబడి ఈ చివర నుంచి ఆ చివరిదాకా అడుగంతా చూస్తారట, మనవడు ఆయన చంకలోనే ఉన్నా సరే.