కొనని సాఫ్ట్‌వేర్, నేయని నెమలి

నేతగాళ్ల పేట కుంఠా నాకాలో చద్దర్ల డిజైన్లు చేసే అంబాదాస్ మంచివాడే, కానీ ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం. డిజైన్ సాఫ్ట్‌వేర్ గడువు అయిపోతే, కొనకుండానే దాన్ని తెరిచే క్రాక్ ఒకటి నెట్‌లో పట్టాడు. ముందుగా యాంటీవైరస్ ఆపమని అక్కడ రాసి ఉంది. తెగిన పోగు ముడివేయాలంటే మగ్గం ఆపాల్సిందే కదా, ఇదీ అంతే అనుకున్నాడు మహానుభావుడు. ఆపాడు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. మర్నాటికి డిజైన్ల ఫైళ్లన్నీ మూసుకుపోయాయి. తెరవాలంటే డబ్బు పంపమని తెరమీద బెదిరింపు.

ఆ డిజైన్లు గీసింది అతను కాదు, భార్య గోదావరి. పొద్దంతా బీడీలు చుట్టి, సాయంత్రాలు గళ్ల కాగితం మీద పువ్వులూ చిలకలూ వేసేది. చెదలు పడుతున్నాయని వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కాగితాలు పారేశాడు అంబాదాస్. ఆ తర్వాత ఆమె చేతికి వణుకు జబ్బు వచ్చింది. మళ్లీ పెన్సిల్ పట్టలేదు.

రిపేరు దుకాణం నడిపే మయూరి చూసి పెదవి విరిచింది.

"దొంగ చేతికి తాళం ఇచ్చినవ్ కాకా. ఆ క్రాక్ల నుంచే వైరస్ వచ్చింది. పైసలు పంపినా ఫైళ్లు వస్తయని భరోసా లేదు. మొత్తం తుడిచెయ్యాలె."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, భార్యకు చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

"నేసినయ్ యాడికి పోతయ్? బట్ట మీద ఉన్నయ్ గదా," అంది.

నిజమే. పక్కింటి పార్వతీబాయి మంచం మీది చద్దర్ లాక్కొచ్చింది. ఎదురింటివాళ్లు పెళ్లికని దాచినది తెచ్చారు. భూతద్దం పట్టుకుని, పోగు పోగూ చూసుకుంటూ, బట్టలోని బొమ్మను అంబాదాస్ మళ్లీ గళ్లలోకి దించాడు. పువ్వులొచ్చాయి, చిలకలొచ్చాయి.

నెమలి మాత్రం రాలేదు. గోదావరి ఆఖరిసారి గీసింది అదే. దాన్నింకా ఎవరూ నేయలేదు, అందుకే ఏ ఇంట్లోనూ లేదు.

"కాగితం ఇటు తే," అంది గోదావరి.

పెన్సిల్ గడులు దాటిపోయింది. అతను చెయ్యి పట్టుకోబోతే కసిరింది. చాలాసేపు గీసి, కాగితం అతని ముందుకు తోసింది.

"మెడ వంకరొచ్చింది. కంప్యూటర్ల సీదా చెయ్యి."

"చెయ్య. గీ వంకర పోతే మల్ల యాడ దొరుకుతది నాకు?" అన్నాడు అంబాదాస్.