తప్పు ఎవరిదని అడగని చట్టం

నా పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక వేసవి చివర్లో, కార్మిక శాఖ సహాయ కమిషనరుగా నన్ను భీమవరం వేశారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఇంకో పని కూడా ఉంటుంది. పనిలో గాయపడ్డవాళ్ళకు పరిహారం తేల్చే కమిషనరు అతనే. పేరుకు కోర్టు గానీ బోనూ ఉండదు, నల్లకోటు జడ్జీ ఉండడు. మేడ మీద ఒక గది, బల్లకు ఇవతల నేను, అవతల రెండు బెంచీలు, పక్కన టైపు మిషను. సాక్షి చెప్పింది నేను వాక్యంగా కూర్చి చెబితే టైపిస్టు కొట్టేవాడు.

ఈ కేసుల గురించి జనంలో ఉన్న అపోహలన్నీ నేను భీమవరం టీ కొట్లోనే విన్నాను. కేసు వేస్తే యజమాని జైలుకెళ్తాడు, ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, ఊరందరికీ పని పోతుంది అన్నది మొదటిది. దెబ్బ తగిలింది సొంత అజాగ్రత్త వల్ల అయితే అడిగే హక్కే లేదన్నది రెండోది. ఆసుపత్రికి యాపిల్ పళ్ళు పట్టుకొచ్చిన మేనేజరుగారి మీద కేసు వేయడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమేనన్నది మూడోది. చదువుకున్నవాళ్ళు కూడా ఇలాగే మాట్లాడేవారు. చట్టం చెప్పేది వేరు. పని చేస్తుండగా, పని వల్ల ప్రమాదం జరిగిందా లేదా అన్నదే అది చూస్తుంది. పొరపాటు ఎవరిదని అడగదు, ఎవరినీ జైల్లో పెట్టదు. పళ్ళు మేనేజరుగారి మంచితనం, పరిహారం కంపెనీ బాధ్యత. ఒకటి ఇచ్చినంత మాత్రాన రెండోది తీరిపోదు.

నాగమణి కేసు నేను చేరిన కొత్తలో వచ్చింది. మొగల్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు ఆమెది. భర్త చేపల వేటకు వెళ్తాడు, ఆమె రొయ్యల ప్లాంటులో ఒలుపు పనికి వెళ్తుంది. ఆ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఒంటరిగా ఎక్కడికీ పనికి రారు. ఊరికొక పెద్దావిడ ఉంటుంది, ఆమెను మేస్త్రమ్మ అంటారు. తెల్లారకుండా గుమ్మం గుమ్మానికీ వెళ్ళి లేపడం, వ్యాను ఎక్కించడం, ఎవరికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళ బల్ల దగ్గర తను నిలబడి ఒలవడం ఆమె పని. నాగమణి వాళ్ళ మేస్త్రమ్మ మంగాయమ్మ. నాగమణి భర్తకు అక్క, అంటే నాగమణికి వదిన. ఆడపడుచు అర్ధమొగుడని మనవాళ్ళు ఊరికే అనలేదు. అయితే ఈ అర్ధమొగుడు ప్రసవాలు రెండూ దగ్గరుండి చూసింది, ఆసుపత్రిలో నెలరోజులు మరదలికి అన్నం కలిపి నోట్లో పెట్టింది.

అన్నం కలిపి పెట్టాల్సి రావడానికి కారణం ఐసు మిషను. దిమ్మల ఐసును పొడి చేసే ఆ మిషను నోట్లో ఒక ముక్క ఇరుక్కుంటే నాగమణి చేత్తో తోసింది. కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. రొయ్య ఒలిచేవాళ్ళకు ఆ వేళ్ళే పనిముట్లు. అవి లేకపోతే ఏ ప్లాంటులోనూ బల్ల దగ్గర నిలబడనివ్వరు.

నరసాపురం వకీలు ఒకాయన ఆమె తరఫున దరఖాస్తు వేశాడు. ఒలుపు ఆడవాళ్ళు తమ మనుషులు కారని, కాంట్రాక్టరు మనుషులని కంపెనీ ఆయనకు ముందే కాగితం ఇచ్చింది. ఆ కాగితం ప్రకారం కాంట్రాక్టరు మంగాయమ్మే. కాబట్టి దరఖాస్తులో ఆమె మొదటి ప్రతివాది, కంపెనీ రెండో ప్రతివాది. నేను మామూలుగా నోటీసులకు సంతకం పెట్టాను. ఆ నోటీసు ఊరికి వెళ్ళి ఏం చేసిందో అప్పుడు నాకు తెలియదు.

వారం తిరగకుండా నాగమణి మా ఆఫీసుకు వచ్చింది. కట్టు ఉన్న చేతిని కొంగులో దాచుకుని గుమ్మం దగ్గరే నిలబడి, "కేసొద్దండి బాబూ, కొట్టేయించండి" అంది. మా ఉద్యోగంలో ఇలా వచ్చేవాళ్ళు కొత్త కాదు. వెనకాల కంపెనీ వాళ్ళు ఏదో ఆశ పెట్టో బెదిరించో పంపిస్తుంటారు. పరిహారం హక్కును వదులుకుంటానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. అదే సంగతి కాస్త గట్టిగా చెప్పి, వాయిదాకు రమ్మని పంపేశాను. చట్టం తెలిసినవాడినన్న ధీమా నాది. ఎందుకు వద్దంటున్నావని మాత్రం అడగలేదు.

వాయిదా రోజున ఆమె ప్రమాణం చేసింది. ఎడమచేత్తో కొంగు ముడి తిప్పుకుంటూ జవాబులు చెప్పింది. కంపెనీ వకీలు భీమవరంలో పేరున్నాయన, మెత్తగా అడుగుతాడు. మిషనుకు మూత ఉండాలి కదమ్మా, అది ఎవరు తీశారు అన్నాడు. నాగమణి తల ఎత్తకుండా, "నేనేనండి. నేనే తీసేసి పక్కన పడేశానండి. తప్పు నాదేనండి" అంది.

ఆ మాట విలువ గదిలో మా ముగ్గురికే తెలుసు, ఇద్దరు వకీళ్ళకూ నాకూ. తప్పు ఎవరిదని అడగని ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. రక్షణ కోసం పెట్టిన సాధనమని తెలిసి కూడా కార్మికుడు కావాలని దాన్ని తొలగిస్తే, ఇలాంటి పాక్షిక వైకల్యంలో యజమానికి బాధ్యత ఉండదు. ఆ ఒక్క వాక్యం టైపయితే వేళ్ళతో పాటు పరిహారం కూడా పోతుంది. కంపెనీ వకీలు టైపు మిషను వైపే చూస్తున్నాడు. నాగమణి వకీలు తల పట్టుకున్నాడు.

అప్పుడు వెనక బెంచీ మీంచి ఒక భారీ మనిషి లేచింది.

"అబద్ధమండి! మూతా లేదు పాడూ లేదండి. ఒసే నాగమణీ, దేవుడి మీద ఒట్టేసి ఏం మాటలే అవి?"

"నువ్వు కూర్చో వదినా!"

"ఎందుక్కూర్చుంటానే?"

మంగాయమ్మ కూడా ప్రతివాదే గనుక ఆమె చెప్పేది రికార్డు చేయవచ్చు. కంపెనీ వకీలు అభ్యంతరం చెప్పాడు. ఆ అభ్యంతరాన్నీ టైపు చేయించి ఆమెతో ప్రమాణం చేయించాను. తను ప్లాంటుకు వెళ్ళిన మొదటి రోజు నుంచీ ఆ మిషను నోరు తెరిచే ఉందని ఆమె చెప్పింది. మూత పెడితే దిమ్మలు ఆలస్యంగా దిగుతాయని ఫిట్టర్లు ఎప్పుడో విప్పేశారట. గోడకు ఆనించి ఉన్న ఒక చిల్లుల రేకు మీద వీళ్ళంతా గ్లౌజులు ఆరేసుకునేవాళ్ళట. "అదే దాని మూతని ఈవేళ మీరంటుంటే తెలిసిందండి" అంది. అంతటితో ఆగలేదు. "ఆ రోజు ఐసు తెమ్మని దీన్ని పంపింది నేనండి. తప్పు నాది. జైలుకి పంపాలంటే నన్నే పంపండి, ఆయ్. దీనికి రావలసింది దీనికి ఇచ్చేయండి."

నాకు అప్పటికి విషయం అర్థమైంది, మిగతాది వాళ్ళనే అడిగితే తెలిసింది. నోటీసు ఇచ్చిన పోస్టుమాన్, నీ మరదలు నీ మీద కేసు పెట్టిందమ్మా అని వీధిలో చదివి వినిపించాడట. ఊరంతా అదే నమ్మింది. వదినను జైలు నుంచి తప్పించడానికి నాగమణి మూత తీసిన తప్పు తన మీద వేసుకుంది. మరదలి పరిహారం నిలబెట్టడానికి మంగాయమ్మ జైలుకు సిద్ధపడి వచ్చింది. కంపెనీ బెదిరించిందని నేను అల్లుకున్న కథలో ఒక్క ముక్కా నిజం లేదు. ఆ ఇద్దరినీ చూస్తే నాకు ముద్దొచ్చింది, నా మీద నాకు సిగ్గేసింది.

ఇక్కడ జైలు లేదని, తప్పుతో పని లేదని ఇద్దరికీ విడమరిచి చెప్పడానికి పావుగంట పట్టింది. మంగాయమ్మ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని, "ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ" అంది. నాగమణిని మళ్ళీ పిలిచి అడిగితే ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది.

తర్వాత ప్లాంటు మేనేజరును ప్రశ్నించాను. ఫిట్టర్లు వేరే ఏజెన్సీ వాళ్ళన్నాడు. సూపర్‌వైజరు ఇంకో ఏజెన్సీ. వ్యాను అద్దెది. మరి ఆ షెడ్డులో కంపెనీ మనుషులెవరండీ అంటే మళ్ళీ ఏజెన్సీల పేర్లే మొదలుపెట్టాడు. రొయ్యలు ఎవరివి అంటే మాత్రం వెంటనే మావేనండి అన్నాడు. మంగాయమ్మ కాంట్రాక్టరు కాగితం మీద ఎందుకు సంతకం పెట్టిందో కూడా తేలింది. వ్యాను డీజిలు కోసమని చెబితే పెట్టిందట. మిగతా ఆడవాళ్ళకిచ్చే కూలే ఆమెకూ ముట్టేది.

ఈ సంగతి తేల్చడం అవసరం. కాంట్రాక్టరు ఉన్నా కంపెనీ బాధ్యత తప్పదు గానీ, కట్టిన సొమ్మును తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకునే హక్కు దానికి ఉంటుంది. వాళ్ళు భయపడ్డ జైలు లేదు గానీ, వాళ్ళకు తెలియని ఈ గండం నిజమైనది. మంగాయమ్మ కాంట్రాక్టరు కాదు, తోటి కూలీ మాత్రమేనని ఉత్తర్వులో రాసి, బాధ్యత మొత్తం కంపెనీ మీద పెట్టాను. కంపెనీ గడువులోపలే డిపాజిట్ చేసింది. ప్లాంటుకు తాళం పడలేదు, వ్యాను ఒక్క రోజూ ఆగలేదు. మిషనుకు మూత బిగించారు. నాగమణి ఇప్పుడు ఐసు పెట్టెతో నరసాపురంలో చేపలు అమ్ముతోంది. ఎడమచేత్తో తూకం వేయడం అలవాటు చేసుకుంది.

ఆ కేసు తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. ప్రమాణానికి ముందే, ఇది శిక్ష వేసే చోటు కాదని రెండు పక్షాలకూ చెప్పేవాణ్ణి. కేసు వద్దని వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఎందుకని అడిగేవాణ్ణి. అలా అడగమని ఏ సెక్షనూ చెప్పదు, వద్దని కూడా చెప్పదు. మొదటి రోజు గుమ్మం దగ్గరే ఆ ఒక్క మాట అడిగి ఉంటే, నాగమణి ప్రమాణం చేసి అబద్ధం చెప్పేది కాదు. ఆ తప్పు నాది.