ఎర్రగీత దాటిన సూది

బాయిలర్ ఆపరేటర్‌కు ఆ సాయంత్రంతో ఉద్యోగం ముగుస్తుంది. ముప్పయ్యేళ్లుగా కొత్తవారిని ఎంచుకోవడానికి ఆయనది ఒకటే పరీక్ష. సూది ఎర్రగీత దాటి బిగుసుకుపోయిన పాత మీటరును బల్లమీద పెట్టి, “ప్రెషర్ మామూలుగానే ఉంది కదా?” అని అడిగేవాడు. కాదని ముఖంమీదే చెప్పినవారిని మాత్రం పనిలోకి తీసుకునేవాడు.

ఈసారి ఆయన స్థానానికి వచ్చినవాడు సొంత అల్లుడు.

“మీరు మామూలన్నాక ఇంకేముంది మావయ్యా!”

“నీ కళ్లకేం కనపడింది అల్లుడూ?”

“ఎర్రగీత దాటింది. అయినా పెద్దవాళ్ల మాటకి అడ్డం చెప్తానా?”

పక్కనే నిలబడి చూస్తున్న ఫ్యాక్టరీ మేనేజరు మెచ్చుకోలుగా అల్లుడి భుజం తట్టాడు. “వినయమంటే ఇదీ! మీలాగా ప్రతిదానికీ పేచీ పెట్టడు. ఇతన్నే తీసుకుంటున్నాం.”

“వద్దు సార్. మా అమ్మాయి మొగుడు కాబట్టే వద్దంటున్నాను.”

“కుర్చీ వదల బుద్ధి కావట్లేదా పెద్దాయనా?” అని మేనేజరు నవ్వాడు.

తాళాలు అల్లుడి చేతికిచ్చి ఆపరేటర్ బయటికి నడిచాడు. వెనక నుంచి మేనేజరు గొంతు వినిపించింది. “ఆర్డరు తొందరగా పూర్తవ్వాలి. మంట ఇంకాస్త పెంచు, ఏం కాదు.”

“అలాగే సార్.”

ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల ఆవిరి హోరు పెరుగుతోంది. ఆ హోరుకు సూది ఎక్కడుంటుందో ఆయనకు చూడకుండానే తెలుసు.