మా వదిన పథ్యం, నా పొట్ట మీద కుట్లు

కొవ్వూరు మార్కెట్లో చేపల తట్ట ఎత్తబోయి నేను కూలబడిన రోజున, నా పక్కన కూర్చుని అమ్మే ఆవిడ ముందుగా చేసిన పని నా బేరాలను తన వైపు పిలుచుకోవడం. ఆ తర్వాతే నాకు నీళ్ళిచ్చింది. ఆ కోపంతో లేచి కూర్చున్నాను తప్ప ఒంట్లో ఓపిక ఉండి కాదు. ఎన్నో ఏళ్ళుగా ఎత్తుతున్న తట్టే అది. ఆ రోజు మాత్రం ఎవరో అందులో రాళ్ళు పోసినట్టు అనిపించింది.

విరేచనంలో రక్తం పడుతోందని అప్పటికే కొన్ని నెలలుగా నాకు తెలుసు. మొలలేమో అనుకున్నాను. ఇలాంటి సంగతి మగ డాక్టరుకి ఎలా చెబుతామని ఊరుకున్నాను. మా ఆయన రాజమండ్రి తీసుకెళ్తే అక్కడ ఉన్నది మగ డాక్టరే. రక్తపరీక్షలో నా హిమోగ్లోబిన్ చూసి, ఇంత తక్కువ రక్తంతో చేపలెలా అమ్ముతున్నారమ్మా అని అడిగారు. నోటితో అమ్ముతున్నానండి అన్నాను. ఆయన నవ్వి కొలనోస్కోపీ రాశారు. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు మాత్రం నవ్వలేదు. పెద్దపేగులో క్యాన్సర్ ఉంది, ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేస్తాం, తర్వాత కీమో ఇస్తాం అన్నారు. నాకు చాలా భయం వేసింది. మా ఆయన అంతకంటే ఎక్కువ భయపడిపోవడంతో నా భయం బయటపెట్టుకునే సందు దొరకలేదు.

ఆయన వెంటనే వాళ్ళక్కకు ఫోన్ చేశాడు. సామర్లకోట నుంచి మా వదిన ఒక బ్యాగు, చిన్న రైస్ కుక్కరు పట్టుకుని దిగింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. బొడ్డు పైనుంచి కిందదాకా కుట్లు పడ్డాయి. ఇక తినవచ్చని డాక్టరుగారు చెప్పిన రోజే మా వదిన పాలన మొదలైంది. పప్పు తింటే చీము పడుతుంది. వంకాయ దురద. గుడ్డు వేడి. పెరుగు జలుబు. చేప నీచు, దాని పేరే ఎత్తకూడదు. ఇవన్నీ తీసేస్తే మిగిలింది చారన్నం. పొద్దున పూట ఇడ్లీ ఉండేది. అందులో మినప్పప్పు ఉందన్న సంగతి ఆవిడకు తట్టలేదు కాబట్టి అదొక్కటీ బతికిపోయింది.

నేనూ ఎదురు చెప్పలేదు. మా ఇళ్ళలో ఎవరికి కోత పడినా ఇదే పథ్యం. చూడటానికి వచ్చినవాళ్ళు వదినను మెచ్చుకుని, వద్దన్నవాటిలో తలా ఒకటి చేర్చి వెళ్ళారు. మా బంధువు ఒకాయన తాను తెచ్చిన అరటిపండ్లు తానే వద్దన్నాడు. హాస్పిటల్ వాళ్ళు రోజూ ఇచ్చే భోజనంలో గుడ్డూ పప్పూ ఉండేవి. వదిన ఆ పళ్ళేన్ని వరండాలోనే అందుకునేది. వెనక్కి పంపేశానని చెప్పేది.

కొన్నాళ్ళకు కుట్ల పక్కన ఎర్రబడింది. జ్వరం వచ్చింది. డ్రెస్సింగ్ విప్పితే చీము. వూండ్ ఇన్ఫెక్షన్ అన్నారు. ఏ క్రిమో తెలియడానికి చీమును కల్చర్ పరీక్షకి పంపి యాంటీబయాటిక్ మార్చారు. పప్పు తినకుండానే ఇలా ఉందంటే, తిని ఉంటే ఏమయ్యేదోనని వదిన గుండెలు బాదుకుంది. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఒక రోజు గట్టిగా దగ్గితే కింది కుట్లు విడిపోయి, నీరు కారి బట్టలు తడిసిపోయాయి. వూండ్ గేప్ అయిందని, వాక్యూమ్‌తో పీల్చే వాక్ మెషీన్ పెట్టారు. పుండులో స్పాంజి, దానికో గొట్టం, ఆ చివర చెడునీరు లాగే పెట్టె. చేపల తొట్టిలో మోటారులా అది రోజంతా గుర్రుమనేది.

"ఈ పుండు మానితేగానీ కీమో మొదలుపెట్టలేనమ్మా. మరీ ఆలస్యమైతే కష్టం" అన్నారు డాక్టరుగారు.

ఆ రోజు ఏడ్చాను. లోపల ఇంకా ఏమైనా మిగిలి ఉంటే, నా పొట్ట మానేదాకా అది ఆగుతుందా? అందరూ కీమో అంటే భయపడతారు. నేను అది ఎప్పుడిస్తారా అని ఎదురుచూశాను.

డాక్టరుగారు రోజూ తింటున్నారా అని అడిగేవారు. తింటున్నానండి అనేదాన్ని. అబద్ధం కాదు. రెండు పూటలా కడుపు నిండా చారన్నం తింటున్నాను.

నా పక్క మంచంలో, తెర అవతల, కాంతమ్మగారని ఒక రైతు కుటుంబం ఆవిడ ఉండేవారు. నాకంటే పెద్దావిడ. అదే ఆపరేషన్, అదీ నా తర్వాత అయింది. ఒక రోజు ఆవిడ కుట్లు తీసి, ఎంత చక్కగా మానిందోనని డాక్టరుగారు మురిసిపోయారు. తర్వాత నా దగ్గరకు వచ్చి, రక్తంలో ప్రోటీన్ ఎంతుందో చెప్పే ఆల్బుమిన్ రిపోర్టు చూసి తల పట్టుకున్నారు. ఒకే వార్డు, ఒకే భోజనం, ఈవిడకెందుకు మానడం లేదని నర్సును అడిగారు.

తెర అవతల నుంచి కాంతమ్మగారు మర్యాదగా జవాబిచ్చారు. "ఒకే భోజనం ఎక్కడిదండి? ఆవిడ గుడ్డూ పప్పూ కూడా నేనే తింటున్నాను కదండి. వాళ్ళ వదినగారు రోజూ తెచ్చిస్తారండి. చాలా మంచావిడండి."

నర్సు నవ్వు ఆపుకోలేక బయటకు వెళ్ళిపోయింది. డాక్టరుగారు వదినను పిలిచారు. బాగా తిడితే బాగుండునని నేను మనసులో కోరుకున్నాను. అయితే ఆయన నోరు తెరిచే లోపలే వదిన ఏడ్చేసింది.

"మా అమ్మ ఆపరేషనయ్యాక చీము పట్టే పోయిందండి. అప్పుడు ఇంట్లో వండింది నేనేనండి. పప్పు పెట్టి చంపేశావన్నారండి అందరూ."

మా అత్తగారు పోయేనాటికి మా ఆయన చిన్నపిల్లాడు; ఇన్నేళ్ళలో ఈ నింద సంగతి ఆవిడ మాకెవరికీ చెప్పలేదు. నా కోపం అక్కడితో పోయింది.

డాక్టరుగారు స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. "మీ పప్పు వల్ల పోలేదమ్మా. ఇన్ఫెక్షన్ వల్ల చీము పడుతుంది, అది ఎవరికైనా రావచ్చు. పుండు పూడాలంటే మాత్రం ఒంట్లో ప్రోటీన్ ఉండాలి. గుడ్డు, పప్పు, చేప పెట్టండి. ఇందులో సగం పని నాది, సగం మీది."

ఇక చూడాలి. అంతవరకూ వద్దని వేధించిన మనిషి, తినమని వేధించడం మొదలుపెట్టింది. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం కొరమేను పులుసు. పారిపోదామంటే గొట్టం ఒకటి. ఒక రోజు వదిన నా కోసం కాంతమ్మగారి పళ్ళెంలోని గుడ్డు వైపు కూడా ఆశగా చూస్తుంటే నేనే కసిరాను.

పుండు అడుగు నుంచి నెమ్మదిగా ఎర్రగా పూడుతూ వచ్చింది. మెషీన్ తీసేసి మళ్ళీ కుట్లు వేశారు. ఆలస్యమైనా ఫరవాలేదు, మొదలుపెడదామన్నారు డాక్టరుగారు. మొదటి కీమో అయిన రోజు తిన్నదంతా కక్కేశాను. "పోతే పోనీ, ఇంకోటి ఉడుకుతోంది" అంది వదిన.

ఇప్పుడు కీమో పూర్తయింది. చెకప్పులకు వెళ్తున్నాను. బరువులెత్తవద్దన్నారు కాబట్టి తట్ట మా ఆయన మోస్తాడు, బేరం నేను చేస్తాను. పొట్ట మీద మచ్చ వంకరగా ఉంది.

ఇది చదివే రోగులకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరుగారు వచ్చినప్పుడు మీకు వండిపెట్టేవాళ్ళను పక్కనే నిలబెట్టుకోండి. తింటున్నానని కాదు, ఏం తింటున్నారో చెప్పండి. ఏం మానేయాలో కూడా ఆయన్నే అడగండి. వండేవాళ్ళ మనసులో ఏ భయం ఉందో కూడా అప్పుడే బయటపడుతుంది. తన తప్పు లేదన్న ఆ ఒక్క మాట మా వదిన తల్లి పోయిన రోజే వినవలసింది. నా పొట్ట చీము పట్టేదాకా ఆవిడకది ఎవరూ చెప్పలేదు.