తిన్నగా పోని బండి

నా మోటార్‌సైకిల్‌కి తిన్నగా పోవడం చేతకాకుండా పోయింది. రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర ట్రాఫిక్ నత్తనడక నడిచే చోట, ముందున్న క్యాబు వెనకాలే బుద్ధిగా పోదామంటే, బండి కాస్త కుడికి వాలేది. ఎడమకి సర్దితే మరీ ఎడమకి పోయేది. మళ్లీ సర్దాలి. ఆఫీసు చేరేసరికి మొండి దూడను సంతకు తోలుకొచ్చినట్టు భుజాలు పట్టేసేవి. నాకు అసలే నిలకడ తక్కువ. లిఫ్ట్ కోసం నిలబడలేక మెట్లెక్కే మనిషిని.

ఇంట్లో అమ్మ, నేను. ప్రొద్దుటూరు నుంచి నాతోపాటు వచ్చేసి, శేరిలింగంపల్లి ఫ్లాట్‌లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఒక సాయంత్రం మాదాపూర్‌లో లైనింగ్ గుడ్డ కొనుక్కుని ఆమెను వెనక కూర్చోబెట్టుకుని వస్తుంటే, బండి ఊగి పక్కనే పోతున్న కంపెనీ బస్సు వైపు వాలింది. పడలేదు. బస్సు డ్రైవరు తిట్టిన తిట్టు మాత్రం ఇద్దరం చెరిసగం పంచుకున్నాం.

ఇంటికొచ్చాక అమ్మ, "భయపడినావా?" అనడిగింది.

"భయమెందుకు? బండిలోనే ఏదో తేడా ఉంది, నేను నడపడంలో కాదు" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడనిందంట. అమావాస్య లోపల బాగైతే సరే. ల్యాకుంటే అమ్మేసి మెట్రోలో పో."

అమ్మ ఊరికే అనే మనిషి కాదు. ఆ మాటతో నాకు అన్నం సయించలేదు. రోజంతా ఆఫీసులో ఎవరో ఒకరు నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఎవరూ ఏమీ అడగని చోటు నాకు ఆ బండి సీటు ఒక్కటే. అది పోతే నేను ఎవరి మీద విరుచుకుపడతానో నాకే తెలీదు.

మా వీధి చివరి మెకానిక్ ఒక చుట్టు తిప్పి చూసి, "టైరు అరిగింది, చైను లూజున్నది, బేరింగులు గూడ చూడాలె. అన్నీ ఒక్కసారే చేసేద్దం అక్కా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే దాన్ని. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దొంగో ఎప్పటికీ తేలదు. ఒక్కోటే మార్చి నడిపి చూస్తానన్నాను. "నీ ఇష్టం, నాకేం పరేషాన్" అన్నాడు.

మొదట టైర్లలో గాలి సరిచేయించాను. ఊగింది. ముందు టైరు మార్పించాను. మలుపుల్లో హాయిగా ఉంది కానీ తిన్నని రోడ్డు మీద ఊగింది. వెనక చక్రం వంకరగా బిగించారేమోనని చైను విప్పించి, రెండు వైపులా కొలత గీతలు సరిపోయేలా పెట్టించాను. అప్పుడూ ఊగింది. సీటు వెనక కట్టుకునే బ్యాగు తీసేసి లాప్‌టాప్ వీపున వేసుకున్నాను. నడుము నొప్పి ఒకటి కొత్తగా వచ్చింది. మీటింగుల్లో కూడా బల్లకింద నా చేతులు కనిపించని హ్యాండిల్ని సర్దుతూనే ఉండేవి.

నేను ఇలా తంటాలు పడుతుంటే అమ్మ తన వైద్యం తాను చేస్తోంది. బండి కొన్ననాటి నుంచీ ప్రతి అమావాస్యకీ దానికి పూజ. ముందు వాటర్ సర్వీసింగ్ షెడ్డుకి తీసుకుపోవాలి. తర్వాత హ్యాండిల్ కింద మెడ దగ్గర పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, మిరపకాయలు. షెడ్డులో అమ్మే దగ్గరుండి, "ఆ మెడకాడ నీళ్లు గట్టిగా కొట్టు నాయనా, పాత పసుపు అట్నే ఉండాది" అని చూపించేది. బండి ఊగడం మొదలయ్యాక దిష్టి బలంగా ఉందని పౌర్ణమికి కూడా కడిగించింది.

అమావాస్య ముందు ఆదివారం పొద్దున పార్కింగ్‌లో బండిని డబుల్ స్టాండ్ వేశాను. ముందు చక్రం గాల్లోకి లేవాలంటే వెనక ఎవరో ఒకరు బరువు వేయాలి. అమ్మను పిలిచాను. కొంగు దోపుకుని రెండు చేతులతో సీటు వెనక అదిమింది. నేను హ్యాండిల్ కొసను ఒక్క వేలితో మెల్లగా తిప్పాను. ఇటు నుంచి అటు జారాల్సింది, సరిగ్గా నడిమధ్యలో టక్కుమని ఆగింది. మళ్లీ తోశాను. మళ్లీ అక్కడే గుంటలో పడ్డట్టు ఆగింది. తిన్నగా పోవాలంటే హ్యాండిల్ క్షణక్షణం పిసరంత అటూ ఇటూ ఆడాలి. ఇది ఆడకుండా పట్టేసి, నేను తోస్తే ఒక్కసారిగా వదులుతోంది. ఊగేది అందుకే. ఇన్ని రోజుల తర్వాత దొంగ దొరికాడు.

అమ్మ కూడా నాతో మెకానిక్ దగ్గరికి వచ్చింది. అతను హ్యాండిల్ విప్పి మెడలోని బేరింగు బయటికి తీశాడు. గుండ్లన్నీ తుప్పు. అవి కూర్చునే గిన్నెలో గుంటలు పడ్డాయి.

"గ్రీజు చుక్క లేదు. ఈడ నీళ్లు గట్టిగ కొట్టిపిస్తరా అక్కా?"

షెడ్డులో అమ్మ చూపించి కొట్టించిన చోటు అదే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సంగతి ఆ క్షణంలో నాకు అర్థమైంది.

"నేనే కొట్టించినా" అంది అమ్మ.

"అందరు గిట్లనే చేస్తరమ్మా. ఫికర్ లేదు, కొత్త సెట్టు ఏస్త. ఇగ తడిబట్టతోని తుడువుండ్రి."

కొత్త బేరింగు వేశాక అమ్మను ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. బండి గీత గీసినట్టు పోయింది. నాకు పాడాలనిపించింది. పార్కింగ్‌లో దిగాక అమ్మ ముఖం చూస్తే రంగు మారిపోయి ఉంది.

"నిన్ను కాపాడాల్నని నేనే నిన్ను బస్సు కిందికి తోస్తాంటినా" అంది.

"నీకేం తెలుసమ్మా, నాకే తెలీలేదు. ఇంక అమ్మేయక్కర్లేదు కదా?"

అమ్మ నా భుజం పట్టుకుంది. "నిజం చెప్పు. ఆ దినం బస్సు పక్కన నీకు భయమైందా, ల్యాదా?"

లేదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆగిపోయాను. "అయింది. చచ్చిపోతామనుకున్నాను. ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను" అన్నాను.

అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"అయితే నడుపుకో" అంది. "భయం లేదంటివి సూడు, అప్పట్నుంచి నాకు నిద్ర పట్టల్యా."