సాలు చివర

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో, మా నాయన నన్ను నంద్యాల నుంచి మా ఊరు ఆళ్లగడ్డకు బస్సులో తీసుకొచ్చేశాడు. ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బడిలో చేర్పిస్తానని మా పెద్దమ్మ నన్ను నంద్యాలలో తన ఇంట్లో పెట్టుకుంది. కొత్త పలక కొనిచ్చింది. సోమవారం చేరాలి. ఆదివారమే నాయన వచ్చాడు. తమ్ముడు పుట్టాడు, ఊయల ఊపడానికి మనిషి కావాలి. పెద్దమ్మ బస్సు దాకా వచ్చి, బడి మాన్పించొద్దని అందరి ముందర బతిమాలినా వినలేదు. ఒక్క అక్షరం పడని ఆ పలకను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను.

దారిలో ఒక వంక మీద ఇరుకు వంతెన. మేము సగం దాటేసరికి అవతల నుంచి శనగ బస్తాల బండ్లు వరసగా వచ్చేశాయి. క్లీనరు దిగి, బస్సు రేకును అరచేత్తో బాదుతూ "రివర్స్! రానీ, రానీ!" అని కేకలు పెట్టాడు. బస్సు వెనక్కి కదిలింది.

"నాయనా, రివర్స్ అంటే ఏందీ?"

"నీకెందుకే? నోరు మూసుకోని కూచో."

ముందు సీటులో ఉన్న ఒక మిషన్ బడి టీచరమ్మ మావైపు తిరిగింది. నాకు చెప్పకుండా నాయననే అడిగింది.

"అన్నా, మడకతో దున్నుతా సాలు చివరికొస్తే ఎద్దుల్ని ఏం చేస్తావు?"

"తిప్పుతా. ఇంకేం చేస్తా?"

"ఆ తిప్పుడే ఈ మాటలో ఉండేది. లాటిన్ అని శానా పాత భాష ఉండాది. తిప్పేదానికి ఆ భాషలో ఉన్న మాటకు ముందర 'వెనక్కి' అని చేర్చినారు. అదే ఇంగ్లీషులోకి వచ్చి రివర్స్ అయింది. సాలుకు కూడా వాళ్లు ఆ తిప్పే మాటతోనే పేరు పెట్టుకున్నారు."

నాయనకు ముచ్చటేసింది. "అంటే దొరలకూ మడకే దిక్కన్నమాట!" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వులు ఆగేదాకా ఆమె ఓపిక పట్టింది.

"అట్లయితే ఈ పాపను కూడా నంద్యాలకు తిప్పన్నా. తప్పేముంది?"

నాయన మొహం మాడిపోయింది. "ఎద్దులు వేరు, ఆడపిల్ల వేరు. బయల్దేరినాక మళ్లీ పోయేది లేదమ్మా."

ఆమె నా పలక తీసుకుని ఏదో ఒక మాట రాసి ఇచ్చింది. ఆళ్లగడ్డలో దిగేటప్పుడు నాయన దాన్ని కండువాతో తుడిచేశాడు. అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రోజు అంత పెద్ద బస్సు వంతెన దిగేదాకా వెనక్కి నడిచింది. ఎవరి పరువూ పోలేదు. బండ్లు దాటిపోగానే మళ్లీ ముందుకు కదిలింది. నాయన చేనులో రోజుకు ఎన్నిసార్లు ఎద్దుల్ని తిప్పేవాడో! నన్ను తిప్పడానికి మాత్రం ఒక్కసారి కూడా ఆయనకు చేతులు రాలేదు.

అరవై దాటాక మా మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దాను. ఆనాడు ఊయలలో ఉన్న తమ్ముడే వచ్చి "ఈ వయసులో నీకు సదువేందక్కా?" అని నవ్వాడు. రాస్తున్న వరస చివరిదాకా రాసి, చేయి వెనక్కి తిప్పి, రెండో వరస మొదలుపెట్టాను.

నాయన మీద ఆ కోపం ఇంకా అట్లాగే ఉంది. వరస చివర నా చేయి మాత్రం ఆగదు.