అమ్మ వస్తేనే మంత్రం

సంస్కరణ సమాజం తరఫున పెళ్లిళ్లు చేయించే పురోహితురాలు కొంగు బొడ్లో దోపి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుందంటే ఇక ఎవరి మాటా వినదు. మంత్రం చదవడం, వెంటనే దాని అర్థం తెలుగులో చెప్పడం ఆమె పద్ధతి. ఆవేళ హోమగుండం ముందు కూర్చుంటూనే, "పెళ్లికూతురి అమ్మేదీ?" అంది. భర్త పోయిన ఆవిడ వంటింటి తలుపు చాటున నిలబడి ఉంది. "ఆవిడెందుకులేమ్మా, ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు పెళ్లికూతురి పెదనాన్న. పురోహితురాలు చేతి గడియారం తీసి సంచిలో పడేసింది. "నాకేం తొందర లేదు బాబాయిగారూ. కన్నతల్లి రానిదే నా నోట మంత్రం రాదు."

చివరికి పెళ్లికూతురే లేచి వెళ్లి, తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నేతి గరిటె అందుకోగానే ఆవిడ ఒలకకుండా రెండో చెయ్యి కింద పట్టింది. "ఒలికితే ఒలకనీ వదినా," అంది పురోహితురాలు. "మా ఆయన పోయాక మొదటిసారి పట్టుకున్నప్పుడు నేనూ సగం నేలపాలు చేశాను."